బస్తా మీద దేశపటం

గల్వాన్ లోయలో మన సైనికులు చనిపోయిన తర్వాత వచ్చిన మొదటి మిరప సీజన్‌లో నేను మహబూబాబాద్‌లో ఒక ఎగుమతి వ్యాపారి గోదాంలో హెడ్ గ్రేడర్‌ని. నా ఉద్యోగంలో అదే ఆఖరి సీజన్ కూడా. తొడిమలు తీసే కూలిగా చేరి, నలభై దాటాక వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు నేర్చుకుని ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని. కాబట్టి నా రాతలో సొగసు వెతకొద్దు. జరిగింది జరిగినట్టు రాస్తాను. కోపం కనిపిస్తే కనిపించనీ.

ముందు పని సంగతి చెప్పాలి. మార్కెట్ యార్డులో వేలం పాట పాడి కొన్న కాయ గోదాంకు వస్తుంది. ఒక రైతు సరుకంతా కలిపి ఒక లాటు. ప్రతి పదో బస్తా కుట్టు విప్పించి, పైకాయ కాకుండా నడుమ కాయ తీయాలి. పిడికెడు కాయలు చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలమనాలి. అనలేదంటే తేమ ఉన్నట్టే. ఆ తర్వాతే తేమ మీటరు. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయ ఎంత ఉందో ఏరించి చూడాలి. ఇదంతా పేజీ నంబర్లు వేసిన రిజిస్టర్‌లో రాసి సంతకం చేయాలి. గ్రేడర్ సంతకం నమూనా, ఎగుమతి సరుకును పరీక్షించే ల్యాబులో ఉంటుంది. దానితో కలవని కాగితాన్ని ల్యాబు వెనక్కి పంపుతుంది. నేను సంతకం నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. దాన్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టే అలవాటు నాకు లేదు.

మేము పంపే తేజ రకం కాయ ఎక్కువగా చైనాకే పోయేది. అక్కడి కంపెనీ తరఫున లియు అనే ఆయన ఏటా వచ్చి కొనేవాడు. ఆయనా నాలాగే కాయను చెవి దగ్గర ఊపేవాడు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. కాయ బాగుంటే ఇద్దరం ఒకేసారి తల ఊపేవాళ్లం. ఆ ఏడు వీసాలు లేక రాలేదు. వీడియోలో చూసి కొన్నాడు. హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేది.

గల్వాన్‌లో చనిపోయినవాళ్లలో మన తెలంగాణ బిడ్డ కూడా ఉన్నాడు. ఆ వార్త విన్నరోజు మా గోదాం ఆడవాళ్లు పని ఆపి ఏడ్చారు. ఆ ఏడుపులో కల్తీ లేదు. మా యజమాని, అందరూ సేటు అనేవాళ్లు, చేసింది వేరు. జనవరి ఇరవై ఆరు నాడు పెయింటర్‌ను పిలిపించి, ఎగుమతికి కుట్టి పెట్టిన బస్తాల్లో ముందు వరుస మీద మూడు రంగుల దేశపటం వేయించాడు. కింద ‘అమరులకు జోహార్లు’ అని రాయించాడు. ఆ బస్తాల ముందు నిలబడి, చైనా వస్తువులు కొనబోమని మా అందరితో ప్రతిజ్ఞ చేయించాడు. విలేఖరులు ఫోటోలు తీసుకున్నారు.

హమాలీ మేస్త్రి యాకూబ్ నా పక్కనే చేయి చాపి నిలబడ్డాడు. “అక్కా, కొనొద్దన్నడు గని అమ్మొద్దనలేదు, ఇన్నవా?” అని గొణిగాడు. నేను నవ్వు ఆపుకోలేక పైటచెంగు అడ్డం పెట్టుకున్నాను.

ఫిబ్రవరి ఆఖర్లో కంటైనర్ వచ్చింది. లోడు ఎక్కించే ముందు యాకూబ్ సేటును అడిగాడు: “సేటూ, గీ పటం బస్తాలు మార్వాలెనా? వాళ్ల దేశంకే పోతాంది గదా!”

“ఇప్పుడు కొత్త సంచులు ఎక్కడికెల్లి తేవాలె? బొమ్మ లోపలి దిక్కు తిప్పి ఎక్కియ్, ఏం గాదు.”

ఆ పటం పైమూల మన బడిపుస్తకంలో ఎట్లా ఉందో అట్లాగే ఉంది. రెండు దేశాలకూ పేచీ ఆ మూల మీదనే. తాము ఒప్పుకోని పటం కనబడితే వాళ్ల కస్టమ్స్ వదలదని సరుకు పంపేవాళ్లందరికీ తెలుసు. సేటుకూ తెలుసు. నేను అక్కడే ఉన్నాను. కాయ వరకే నా పని అనుకుని నోరు మూసుకున్నాను.

నెల దాటాక కంటైనర్‌ను తిప్పి పంపుతున్నట్టు చైనా నుంచి కాగితం వచ్చింది. అందులో ఒకటే వాక్యం: నాణ్యత ప్రమాణాలకు సరిపోలేదు. ఏ లాటు? ఏ పరీక్షలో పోయింది? ఎవరు చూశారు? ఏదీ లేదు. ఎవరిని అడగాలో కూడా రాయలేదు.

లియుకు వీడియో ఫోన్ చేశాం. మనిషి సగమయ్యాడు. పై ఆఫీసు నిర్ణయం, తాను మాట్లాడకూడదు అన్నాడని ఆ అమ్మాయి చెప్పింది. నేను ఆగలేక, కాయలో ఏం లోపమో చెప్పమని అడిగాను. ఆయన కింద నుంచి, అక్కడ తనిఖీకి విప్పినదేమో, మా ఖాళీ బస్తా ఒకటి తీసి, పటం ఉన్న వైపు మా దిక్కు తిప్పి, క్షణం పట్టుకుని కింద పెట్టేశాడు. ఫోన్ కట్ అయింది. నోటితో చెప్పలేనివాడు చేత్తో చెప్పాడు. గదిలో ఉన్న అందరికీ అర్థమైంది.

అయినా మర్నాడు సేటు నా ముందు కొత్త గ్రేడింగ్ షీటు పెట్టాడు. ఏడో లాటులో తేమ ఎక్కువైందని రాసి ఉంది. సంతకం చేయమన్నాడు. ఏడో లాటు మహదేవపూర్ మండలంలో గోదావరి పక్క ఊరి రైతు సమ్మయ్యది. దూరపు ఊరు, ఏటి ఒడ్డు చేను, తేమ అంటే ఎవరైనా నమ్ముతారని లెక్క. అట్లాంటి షీటు ఒకసారి బయటికి పోతే యార్డులో పాటగాళ్లు ఆ ఊరి రాశుల దగ్గర ఆగరు. ఒక్క రైతు కాదు, ఊరు ఊరే పోతుంది.

కబురు ముందే పాకింది. సమ్మయ్య బస్సెక్కి వచ్చాడు. తువ్వాలలో కాయ మూట కట్టుకొచ్చి నా ముందు విప్పాడు.

“అక్కా, నువ్వే ఊపి చూస్తివి గదా! నా కాయ తడిసిందా? నా ఒక్కనితోని ఊరంత మునిగిందని మావోళ్లు తిడుతాన్రు.”

నేను ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపాను. గింజ గలగలమంది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

సేటు దగ్గరికి పోయి సంతకం పెట్టనన్నాను.

“దేశం కోసం గింత చెయ్యలేవా? పటం ముచ్చట బయటికొస్తే శత్రువు ముందట తల వంచినట్టు గాదా?” అన్నాడు.

“తల వంచింది ఎవలు సేటూ? పటం ఏపిచ్చింది నువ్వు. లోపలి దిక్కు తిప్పుమన్నది నువ్వు. ఏపిస్తే దాని ముందట నిలబడు. నిలబడలేవా, ఏపియ్యకు. చచ్చిపోయిన పోరగాండ్లను అడ్డం పెట్టుకుని సమ్మయ్య ఊరును ముంచుతవా?”

రిజిస్టర్ తెరిచి ఏడో లాటు ఎదురుగా ఇట్లా రాశాను: ‘కాయ పొడిగా ఉన్నది. తాలు తక్కువ. సరుకు తిరిగి వచ్చింది బస్తా మీద వేసిన దేశపటం వల్ల.’ కింద సంతకం. పేజీ నంబరు ఉంది కాబట్టి చింపలేకపోయాడు. గుమాస్తాతో వేరే షీటు మీద నా పేరు రాయించి పంపాడు. సంతకం కలవలేదని ల్యాబు తిప్పికొట్టింది. సమ్మయ్య ఊరి మీద మచ్చ పడలేదు. ఆయనతో ‘మాదే తప్పయింది’ అని మాత్రం ఎవరూ అనలేదు.

సేటు నన్ను కుర్చీ నుంచి లేపి మళ్లీ తొడిమలు తీసే రాశి దగ్గర కూర్చోబెట్టాడు. సిగ్గుపడి పోతాననుకున్నాడు. పోలేదు. సీజన్ ఆఖరి బస్తా దాకా తీసి, అప్పుడు మానేశాను. తిరిగొచ్చిన కాయను ఇక్కడి కారం మిల్లులు కొన్నాయి. మరుసటేడు సేటు అదే చైనా కంపెనీకి బొమ్మ లేని బస్తాల్లో మళ్లీ పంపాడు. పటం ముందు దిగిన ఫోటో మాత్రం అద్దం కట్టించి ఆఫీసులో తన కుర్చీ పైన గోడకు వేలాడదీశాడని యాకూబ్ చెప్పాడు.

వాళ్లు కారణం చెప్పరు, లియు లాంటివాడికి నోరు తెరిచే వీలు లేదు. అది వాళ్ల రాజ్యం తీరు. మన దగ్గర నేను మాట్లాడితే పోలీసులు రారు. అయినా బస్తా చూసిన ఆ గదిలో మిగతావాళ్లు ఒక్కరూ సమ్మయ్య కోసం నోరు విప్పలేదు. లోడు ఎక్కేరోజు నేనూ విప్పలేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు తెలుసుకోవలసింది ఇది: గ్రేడర్ సంతకం బస్తా లోపల ఉన్నదానికి. బయట బొమ్మ వేయించినవాడు బయటిదానికి జవాబు చెప్పాలి. కాయ చెవి దగ్గర ఊపి చూశాక, లోడు ఎక్కే ముందు బస్తా చుట్టూ కూడా ఒకసారి తిరిగి చూడండి. చూసింది అప్పుడే చెప్పండి.