మూడు నెలల పాపకి బీపీ బిళ్ల

మూడు నెలల పసిపాపకి ప్రొప్రనలాల్ రాసిన చీటీ చూసి నేను నమ్మలేదు. పెదబయలు కొండల్లో నర్సుగా పన్నెండేళ్లు చేశాను. ఆ బీపీ బిళ్లని పెద్దవాళ్లకి తప్ప ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. విశాఖలో అది రాసిన డాక్టరుకి ఫోన్ చేసి కాస్త గట్టిగానే అడిగాను.

ఆయన నవ్వారు. "అట్ట మీద ఈ జబ్బుకని ఉండదు సిస్టర్. కానీ ఆ గడ్డని కరిగించేది అదే. గుండె పరీక్షలన్నీ చేశాకే రాశాను. ఆలస్యమైతే మూసుకుపోయిన కన్ను చూడటం నేర్చుకోదు."

పాప కుడి రెప్ప మీద రేగుపండంత ఎర్రటి రక్తనాళాల గడ్డ. దాని బరువుకి కన్ను తెరుచుకోవడం లేదు. బీపీ బిళ్ల దాన్ని కరిగిస్తుందట! ఉద్యోగం వచ్చిన రోజున కూడా నాకంత సంబరం లేదు.

తల్లి కాఫీ తోటలో పనికి వెళ్తుంది, పాపని చూసేది నాయనమ్మ. బిళ్లని నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో గీత దాకా తీసి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు తాగాకే పొయ్యాలని ఆమెకి చూపించాను.

"ఇదేటమ్మా?" అందామె.

"బీపీ బిళ్లలే మామ్మా" అనేశాను. నా నోరు ఊరుకోదు కదా.

వారం తర్వాత ఉరుకులు పరుగుల మీద వెళ్లాను. గడ్డ అలాగే ఉంది. వారానికని ఇచ్చిన బిళ్లల్లో సగానికి సగం మిగిలాయి.

"రోజూ రెండుసార్లు పోస్తున్నావా?"

"గుంటకి బీపీ వచ్చినప్పుడు పోత్తన్నానమ్మా. సక్కగా నవ్వుతుంటే మందెందుకు?"

"బీపీ వచ్చిందని నీకెలా తెలుసు?"

"అదేటలా అడుగుతావు? గుక్కపట్టి ఏడుత్తాది కదా."

మా జనం నోట బీపీ అంటే కోపం. 'నాకు బీపీ తెప్పించకు' అని ఆమె ముందు నేనే ఎన్నిసార్లు అరిచానో. పసిపిల్ల గుక్కపట్టేది ఆకలికి. ఖాళీ కడుపున ఆ మందు పడితే ఒంట్లో చక్కెర పడిపోతుంది.

పాపని లాక్కుని మడమ గుచ్చి చక్కెర చూశాను. బాగానే ఉంది. డాక్టరుకి చెప్పి నాలుగు చివాట్లు తిన్నాను. మామ్మ మీద విరుచుకుపడబోయి ఆగాను, తప్పు నాదే కదా.

"ఇది కోపానికి కాదు మామ్మా, కంటికి. పాలు తాగాకే పొయ్యాలి, నవ్వుతున్నా పొయ్యాలి."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదమ్మా" అందామె.

ఇక చూడాలి నా హడావిడి. రోజూ ఏదో వంకతో ఆ ఇంటికే. పది రోజులకి ఎరుపు పాలిపోయింది. గడ్డ మెత్తబడింది. కన్ను ముందు సన్నని గీతలా తెరుచుకుంది, తర్వాత సగం. ఎదురొచ్చిన వాళ్లందరికీ చెప్పాను. ఆ కన్ను తెరుచుకుంది సరే, చూస్తోందా?

ఒక ఉదయం పాప ఎడమ కంటిని అరచేత్తో మూశాను. మాట్లాడొద్దని మామ్మకి సైగ చేశాను. ఆమె ఊపిరి బిగబట్టి పాప ముందుకి వంగింది, ముట్టుకోలేదు. పాప కుడికన్ను ఆమె ముఖం మీద ఆగింది. బోసినోరంతా తెరిచి నవ్వింది.

"నన్ను పోల్చుకుందమ్మా" అంది మామ్మ.