ఎలుక మెదడును రాజన్న చూసిన తీరు

మొన్న గోదావరిఖని బజారులో రంగు చేపలు అమ్మే దుకాణం ముందు నుంచి వెళ్తుంటే, తడిసిన వరిపొట్టులో ఎలుకల మూత్రం కలిసిన వాసన ముక్కుకు తగిలింది. లోపల గాజుపెట్టెలో తెల్ల ఎలుకలున్నాయి. కొనేదేమీ లేకపోయినా చాలాసేపు నిలబడ్డాను. ఆ వాసన వస్తే నాకు రాజన్న గుర్తుకొస్తాడు. ఆయనతో పాటే, ఇన్నేళ్లయినా చల్లారని అసూయ కూడా వస్తుంది.

డెబ్బయ్యో దశకం మొదటి రోజులవి. వానాకాలంలో మా వైపు పిల్లలకు మెదడువాపు జ్వరాలు వస్తుండేవి. వాటి సంగతి తేల్చడానికి హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి, దవాఖాన వెనుక రెండు గదుల్లో ప్రయోగశాల పెట్టారు. జబ్బుపడ్డవారి నుంచి తీసిన నమూనాను రెండు రోజుల ఎలుక కూనల మెదడులోకి సన్నటి సూదితో ఎక్కించేవారు. అందులో వైరస్ ఉంటే కూనలు నాలుగైదు రోజుల్లో చనిపోయేవి. పెద్ద ఎలుకల్లో కొన్ని మాత్రం తట్టుకునేవి. ఎందుకు తట్టుకుంటాయన్నదే ఆమె ప్రశ్న. సహాయకులం ఇద్దరం: బీయస్సీ పాసైన నేను, ఏడో తరగతితో చదువాపి, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునే లాంపు రూములో ఏళ్లపాటు పనిచేసి వచ్చిన రాజన్న. వానలు వెనకపట్టగానే తిరిగి వెళ్తూ ఇద్దరిలో ఒకరిని తన వెంట తీసుకెళ్తానని ఆమె మొదటి రోజే చెప్పారు. ఆ ఒక్కడూ నేనేనని ఇంట్లో చెప్పేశాను.

ఒక మధ్యాహ్నం ఆమె సూక్ష్మదర్శిని కింద రెండు గాజుపలకలు పెట్టి చూడమన్నారు. ఒకటి పెద్ద ఎలుక మెదడు ముక్క, రెండోది కూనది. నేను వంగి చూసి, "లింఫోసైట్లు డాక్టర్, రక్తనాళం చుట్టూ చేరాయి. రెండోదాంట్లో లేవు" అన్నాను. రక్షణ కణాలకు పుస్తకంలో ఉన్న మాటే. రాజన్న చాలాసేపు చూశాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"అమ్మా, దీంట్ల నల్లగ గుండ్రగ ఉన్నోళ్లంత గొట్టం చుట్టు గుమిగూడిండ్రు. ఫస్టు షిఫ్టోళ్లు గని మోకం కాడ నిలబడ్డట్టు. గీ కూనల మెదడుల డ్యూటీకి ఎవ్వలు రాలే."

డాక్టరమ్మ నవ్వలేదు. ఇంకో పలక పెట్టారు. అది నాలుగు వారాల ఎలుకది, రక్షణ కణాలు గుంపుగా వచ్చినా చచ్చిపోయింది. "మరి ఇదెందుకు చచ్చింది రాజన్నా?"

"ఆలస్యంగ వచ్చిండ్రేమో. లేకుంటె అందరొక్కసారి ఎగబడి ఇల్లే ఆగం చేసిండ్రేమో."

"నేను తేల్చాల్సింది అదే" అంటూ ఆమె ఆ మాటల్ని తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. నేను చెప్పిందేదీ ఆమె ఏనాడూ రాసుకోలేదు.

రాజన్నకు ఒక అలవాటుండేది. కూనల్ని ముట్టుకునే ముందు ఆ పెట్టెలోని పొట్టే తీసుకుని రెండు చేతులకూ బాగా రుద్దుకునేవాడు. "తల్లికి పరాయి వాసనొస్తె పిల్లల్ని తింటది తమ్మీ" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. "మాకు బీయస్సీలో ఈ పాఠం చెప్పలేదే" అంటే, "అందుకే నిన్ను ఎలుకల కాడికి తోలిండ్రు" అని ఆయనా నవ్వేవాడు.

ఒక శుక్రవారం, కార్మికుల కాలనీలో జ్వరంతో పడి ఉన్న నాలుగేళ్ల పాప నమూనాను ఎనిమిది కూనలకు ఎక్కించారు. ఆదివారం రాజన్న చెల్లెలింటికి బెల్లంపల్లి వెళ్లాడు. ఆయన లేకుండానే అంతా చక్కగా చేస్తానని చూపించుకోవాలని, ఘాటు సబ్బుతో చేతులు కడుక్కుని, ఒక్కో కూననూ తీసి పరీక్షించాను. పొట్టు రుద్దుకోలేదు. సోమవారం పొద్దున చూస్తే ఐదే ఉన్నాయి. రిజిస్టరులో "మూడు మరణం" అని రాసేశాను. వైరస్ ఖాతాలో పోతుందనుకున్నాను.

రాజన్న వచ్చి పేజీ చూశాడు. చచ్చిన కూనల్ని సీసాలో దాచడం మా పద్ధతి.

"చచ్చినయంటె పీనుగులేవి?"

"జబ్బు పడ్డవాటిని తల్లి తినుండొచ్చు."

ఆయన చేతులకు పొట్టు రుద్దుకుని ఒక కూనను వెల్లకిలా పట్టుకున్నాడు. పల్చటి చర్మం కింద తాగిన పాలు తెల్లగా కనిపిస్తున్నాయి. "ఐదు మంచిగ పాలు తాగుతున్నయ్. ఏ సబ్బుతోటి కడుక్కున్నవ్?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఇను తమ్మీ. లాంపు రూముల మేము ఒక్కటే చూస్తుంటిమి. లాంపు చేతికొస్తెనే వచ్చిందని రాసుడు. చూడకుంట రాస్తె, కింద చిక్కుకున్నోడు ఇంటికి పోయిండనుకుంటరు. ఎవ్వలు ఎతుకరు. నువ్వు గిప్పుడు ఆ పోరి పేరు మీద గట్లనే రాసినవ్."

"డాక్టరమ్మకు చెప్తావా?"

"నేనెందుకు చెప్త? రాసింది నువ్వు."

ఆ గంటసేపు నేను ఆయన్ను ద్వేషించినంతగా ఎవరినీ ద్వేషించలేదు. ఆయనే వెళ్లి చెప్పి ఉంటే చాడీకోరని తిట్టుకుని బతికిపోయేవాణ్ణి. చివరికి నేనే రిజిస్టరు పట్టుకుని వెళ్లాను. డాక్టరమ్మ విని, మొదటి మాట కనిపించేలా ఒకే గీతతో కొట్టేయమన్నారు. పైన "తల్లి తిన్నది. నా చేతి సబ్బు వాసన వల్ల" అని రాయించి సంతకం పెట్టించారు. మిగిలిన ఐదూ బతికాయి. ఆ పాపది వేరే జ్వరమని తర్వాత తేలింది.

నెల తిరక్కుండానే ఆమె రాజన్నను తీసుకుని వెళ్లిపోయారు. రామగుండం స్టేషన్‌కు ఎలుకల పెట్టెలు మోసింది నేనే. కిటికీలోంచి రాజన్న, "నువ్వు ఒప్పుకోకుంటె గీ సీటు నీదే తమ్మీ. అమ్మ రాసుకున్న కాయితం మీద ముందుగాల నీ పేరే ఉండె" అన్నాడు. ఓదార్చాలనే అన్నాడు. రైలు కదిలింది. ఆయన చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు.

ఆ తర్వాత పత్రికలో చేరి విలేకరిగానే జీవితం గడిపాను. చూడనిది రాయకపోవడం ఆయన నుంచే వచ్చిందని ఎవరికీ చెప్పుకోలేదు. ఆయనకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. ఇప్పుడు కొత్తవాళ్ల వార్తలు దిద్దేది నేనే. పోయిన వారం కాసిపేట నుంచి ఒక కొత్త విలేకరి అమ్మాయి వార్త పంపింది. రెండో వాక్యం దగ్గరే లోపల ఆ పాత మంట లేచింది. నాకు కనిపించనిది ఆమెకు కనిపించింది. దిద్దడానికి కలం తీసి, మళ్లీ పెట్టేశాను. వార్త ఆమె పేరుతో, ఆమె మాటల్లోనే అచ్చయింది. అది నాది కాకపోయిందన్న బాధ మాత్రం ఇంకా ఉంది.