పోపు డబ్బాలో బోల్టులు

మా ఆయన పోయిన తర్వాత ఆయన బండిని పోలీసు స్టేషన్ నుంచి మా మరిది నెట్టుకుంటూ తెచ్చాడు. స్టార్ట్ చేయడానికి అతనికి మనసొప్పలేదు. అమీర్‌పేటలో నేను వంట చేసే ఆడపిల్లల హాస్టల్ కింద సెల్లార్ ఉంది. దాని వెనక గదిలోనే మేముండేది. నీళ్ల మోటారు పక్కన బండిని నిలబెట్టి, పాత ఫ్లెక్సీ కప్పి, చేతులు కడుక్కుని గానీ మరిది గడప దాటలేదు.

"వదినె, మనిషిని తిన్న బండి ఇది. ఇంట్ల ఉంచకు. తుక్కుకన్న ఇచ్చెయ్," అన్నాడు.

ప్రమాదం గురించి మాకు తెలిసింది కొంచెమే. చీకటి పడుతుండగా ఆయన ఆఫీసు నుంచి వస్తూ పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతున్నాడు. కిందికి రాగానే పక్క నుంచి వచ్చిన వ్యాను తగిలింది. ఆయన్ని ఆసుపత్రికి చేర్చిన ఆటో డ్రైవర్ నా ఎదుట తల వంచుకుని చెప్పాడు: "బండికి లైట్ లేకుండె అక్కా. ముందట లేదు, ఎనక లేదు. వ్యానాయనకు ఏం కనబడతది?"

ఆ మాట చుట్టాలందరికీ పాకింది. మా ఆయన ఏనాడూ మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు. ఆదివారం పూట సెల్లార్‌లో గోనెసంచి పరుచుకుని అన్నీ తానే విప్పి తానే బిగించేవాడు. "సొంత రిపేర్లు చేసుకుండు, పానం పోగొట్టుకుండు," అన్నారు. లైటు పోయిన బండిని రోడ్డెక్కించే మనిషి కాదని నాకు తెలుసు. కానీ ఆటో డ్రైవర్ అబద్ధం ఎందుకు చెబుతాడు?

మోటారు ఆగాక ఫ్లెక్సీ అంచు మెల్లగా కదిలేది. గాలికే అని తెలుసు. అయినా పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి చూసేదాన్ని. సీటు ఉన్నచోట ఫ్లెక్సీ కొంచెం గుంటపడి ఉండేది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు.

కొన్నాళ్లకు మా బిడ్డకు ఒక ల్యాబ్‌లో పని దొరికింది. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకురావాలి. పరగడుపున తీసే రక్తం కాబట్టి తెల్లవారకముందే బయలుదేరాలి. సొంత బండి ఉండాలన్నారు.

"నాయిన బండి ఉన్నది కదమ్మా," అన్నది. సనత్‌నగర్ ఫ్యాక్టరీల మధ్య రోడ్లు ఆదివారం ఖాళీగా ఉంటాయి. తండ్రి ఆమెకు అక్కడే బండి నేర్పాడు.

ఆ లైటు ఎందుకు ఆరిందో తెలియకుండా నా బిడ్డను ఆ బండి ఎక్కించలేను. సందు చివర మెకానిక్‌ను పిలిస్తే, ఫ్లెక్సీ ఎత్తి చూసి, "మొత్తం వైరింగ్ మారుస్త, ఫికర్ చెయ్యకు," అన్నాడు. మొత్తం మారిస్తే లైటు వెలుగుతుంది. ఎందుకు ఆరిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. వద్దని పంపేశాను.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. హాస్టల్ పిల్ల ఒకతి నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని నేర్పింది. ఇప్పుడు ఫోన్‌లో తెలుగులో రాసి వెతకగలను. 'బండి లైటు వెలగట్లేదు' అని రాశాను. ఎన్నో వీడియోలు వచ్చాయి. అన్నిట్లోనూ మగవాళ్ల చేతులు గబగబా విప్పేస్తున్నాయి. ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసేదాన్ని.

విప్పిన బోల్టులు కలిసిపోకుండా పాత పోపు డబ్బా తెచ్చుకున్నాను. ఒక్కో గిన్నెకు కాగితం ముక్క అంటించి 'ముందు', 'వెనక', 'సీటు కింద' అని రాశాను. మా బిడ్డ చూసి పకపకా నవ్వింది.

"అమ్మా, బండికి తాలింపు పెడుతున్నవా?"

"నువ్వు జర ఆ స్పానర్ ఇయ్యి."

"జీలకర్ర ఏదమ్మా ఇందుల?"

అది అలా నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. కానీ మొదటి బోల్టు మీద స్పానర్ వేసినప్పుడు చెయ్యి ఆగిపోయింది. దాన్ని చివరిసారి బిగించింది ఆయన. ఆ బిగువు ఆయన చేతి బలమే. నేను తిప్పితే అది పోతుంది. మళ్లీ ఎంత బిగించినా అది నా బలమే అవుతుంది. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుని, తర్వాత తిప్పాను. కిర్రుమని ఒక్కసారి మూలిగి వదిలింది.

లైటు ఒక్కటే చూద్దామనుకున్నదాన్ని, మిగతావీ నేర్చుకున్నాను. నల్లబడిన ఇంజన్ ఆయిల్‌ను పాత పెరుగు డబ్బాలోకి వంచాను. ప్లగ్గును ఉప్పుకాగితంతో రుద్దాను. చైన్ దగ్గర మాత్రం బుద్ధి గడ్డి తిన్నది. వంటింట్లో ఉన్న కొబ్బరినూనె పట్టించాను. రెండు రోజుల్లో సెల్లార్ దుమ్మంతా పట్టింది. పైగదుల నుంచి ఊడ్చుకొచ్చే పిల్లల తల వెంట్రుకలు చైన్‌కు జడలా చుట్టుకున్నాయి. కిరోసిన్‌లో బ్రష్ ముంచి ఒక్కో వెంట్రుకా లాగుతుంటే, ఆడమనిషెవరో నా ముందు కూర్చుని తల దువ్వించుకుంటున్నట్టు ఒళ్లు జలదరించింది.

లైటు అద్దం మీద గీత కూడా లేదు. వ్యాను తగిలింది పక్క నుంచి. బల్బు తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. లోపలి తీగ చెక్కుచెదరలేదు. అయినా నమ్మకం లేక కొత్తది కొనడానికి వెళ్లాను.

"అన్నను పంపరాదె అక్కా, నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడు స్పేర్ పార్ట్స్ కొట్టాయన.

"పనిల ఉన్నడు," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

కొత్త బల్బు వేసి తాళం తిప్పాను. హారన్ మోగింది. ఇండికేటర్ వెలిగి ఆరింది. పెద్ద లైటు వెలగలేదు. వైర్లన్నీ తడిమి చూశాను, ఎక్కడా తెగలేదు. పాత బల్బు మళ్లీ పెట్టాను. అదీ వెలగలేదు. ఇక నా వల్ల కాదనుకుని, కనీసం ఇంజన్ అయినా నడుస్తుందేమో చూద్దామని చీర కుచ్చిళ్లు ఎగదోపి కిక్ కొట్టాను. కొట్టగా కొట్టగా అందుకుంది.

ఎదుటి గోడంతా తెల్లగా వెలిగిపోయింది.

తాళం తిప్పి ఆపేశాను. గోడ నల్లబడింది. మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ వెలిగింది. అప్పుడు అర్థమైంది. హారన్‌కు, ఇండికేటర్‌కు బ్యాటరీ చాలు; ఆ పాత బండి లైటుకు మాత్రం ఇంజన్ తిరగడమే కరెంటు. ఇంజన్ ఆగితే లైటు లేదు.

ఇంజన్ ఆపి అక్కడే నేల మీద కూర్చున్నాను. ఫ్లైఓవర్ ఎక్కడం అయిపోయి దిగుడు మొదలుకాగానే మా ఆయన తాళం తిప్పేసేవాడు. పెట్రోలు మిగులుతుందని. మా సందులో మగవాళ్లు చాలామంది అంతే. ఆ దిగుడు నాకు ఎంతో ఇష్టం. చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయి గాలి మాత్రమే మిగిలేది. ఇంట్లో చెప్పుకోలేనివన్నీ ఆయన అక్కడే చెప్పేవాడు. వెనక నా చెంప ఆయన వీపుకు ఆనించి ఉండేది. ముందు లైటు ఆరిందని నాకెలా తెలుస్తుంది? వీధిలైట్ల కింద ఆయనకు మాత్రం ఎలా తెలిసి ఉంటుంది? ఆ సాయంత్రమూ అలాగే దిగి ఉంటాడు.

బండికి ఏ దోషమూ లేదు. ఆయన బిగింపులోనూ తప్పు లేదు. ఆ మాట తెలిస్తే తేలికపడతాననుకున్నాను. కానీ అప్పటిదాకా ఫ్లెక్సీ కిందే ఉన్నదేదో ఇప్పుడు బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నట్టయింది.

సాయంత్రం మా బిడ్డకు చెప్పాను. అది మెల్లగా అన్నది:

"నాయిన నాకు సుత గట్లనే నేర్పిండమ్మా. దిగుడు రాంగనే బంద్ చెయ్యమనేటోడు. నేనెప్పుడు గట్లనే చేస్త."

వద్దు అని చెబితే సరేనంటుంది. పొద్దున్నే చెయ్యి దానంతటదే తాళం మీదికి పోతుంది. తండ్రి పెట్టిన అలవాటు నా మాటకు వదలదు.

"పో, ర్యాంపు కింద నిలబడు," అన్నాను. సెల్లార్‌లో ట్యూబులైట్లు ఆర్పేశాను. బండిని ర్యాంపు మీద సగం దాకా నెట్టి, తిప్పి, ఎక్కి కూర్చున్నాను. నాకు నడపడం రాదు. ఒక కాలు నేలకు తన్నిపెట్టి, బ్రేకు పట్టుకుని కిక్ కొట్టాను. లైటు నేరుగా బిడ్డ ముఖం మీద పడింది.

"కండ్లు పోతున్నయమ్మా!" అని చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తాళం తిప్పాను. దాని ముఖం పోయింది. బ్రేకు వదిలి, చెప్పులు నేలకు రాస్తూ మెల్లగా జారనిచ్చాను. బండి ఏ చప్పుడూ చేయలేదు. కిరోసిన్ వాసన, పాత సీటు వాసన నాతోపాటు కిందికి వచ్చాయి. ముందు చక్రం బిడ్డ మోకాలికి తగిలేదాకా అది కదలలేదు.

తగలగానే, "నాయినా?" అన్నది.

ఆ క్షణం వెనక్కి తిరిగి చూడటానికి నాకూ ధైర్యం లేదు. హ్యాండిల్ మీద నా చేతి పక్కన దాని చెయ్యి వెతుక్కుంటూ వచ్చి తాళం దొరకబుచ్చుకుంది. కీ ఆన్ చేసింది. కిక్ కొట్టమన్నట్టు నా భుజం నొక్కింది. లైటు వచ్చాక చూస్తే దాని బుగ్గలు తడిసి ఉన్నాయి.

"ఇగ బంద్ చెయ్యను," అన్నది.

మర్నాడు చీకటి ఉండగానే బండి తీసింది. రక్తం సీసాల పెట్టె వెనక కట్టుకుంది. నేను గేటు దాకా వచ్చాను. ఇంజన్ చప్పుడు సందు దాటి, మెట్రో స్తంభాల కిందికి వెళ్లి, పంజాగుట్ట వైపు సన్నబడింది. బియ్యం నానబోయాల్సిన వేళయినా అక్కడే నిలబడ్డాను. ఫ్లైఓవర్ దిగుడు దగ్గర చప్పుడు ఉన్నదో ఆగిందో ఇంత దూరానికి వినబడదు.