రోడ్స్ రేవులో బుజ్జమ్మ

పెద్దాపురం హైస్కూల్లో ముప్పై రెండేళ్లు చరిత్ర చెప్పిన వెంకటసుబ్బారావు మాస్టారికి ఒకటే పిచ్చి. మధ్యధరా సముద్రంలోని రోడ్స్ దీవి. ఒకప్పుడు అక్కడ రేవు దగ్గర నిలబెట్టిన కంచు విగ్రహం గురించి, భూకంపానికి అది కూలిన వైనం గురించి ఎనిమిదో క్లాసులో మొదలుపెట్టారంటే, బడి గంట కొట్టినా ఆయనకు వినిపించేది కాదు. ఆయనకూ, భార్య బుజ్జమ్మకూ పిల్లల్లేరు. బడి పిల్లలే ఆయన పిల్లలు.

రిటైరయ్యాక మతిమరుపు పట్టుకుంది. వేసుకున్న మాత్ర మర్చిపోయారు. ఆ తర్వాత సొంత వీధి మర్చిపోయారు. "పాతవి చివర్న పోతాయమ్మా" అన్నాడు రాజమండ్రి డాక్టరు. చివర్నైనా పోతాయన్నమాటేగా అనుకుంది బుజ్జమ్మ. ఆయన ఏం మర్చిపోయినా సరే, తనను మర్చిపోకూడదు. ఆవిడకు కావలసింది అంతే. ఆ దీవిని కళ్లారా చూస్తే బుర్ర కుదుటపడుతుందని ఎవరూ చెప్పలేదు, ఆవిడే నమ్మేసింది. ఏదో ఒకటి నమ్మాలిగా పాపం! 2004 మే నెలలో రాజమండ్రి టూరు వాళ్లతో కలిసి, మధ్యధరా తీరం వెంబడి రేవు రేవుకీ ఆగుతూ వెళ్లే ఓడ ఆయన్ని ఎక్కించింది.

రోడ్స్‌లో దిగారు. పాత కోటలో రాళ్లు పరిచిన సందులో చెప్పు తెగితే బుజ్జమ్మ వంగింది. లేచేసరికి ఆయన లేరు.

"ఏవండీ! ఏవండోయ్!"

నలభై ఏళ్లుగా ఆవిడ దగ్గరున్న పిలుపు అదొక్కటే. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు చెప్పింది. రేషన్ కార్డు రాయించేటప్పుడు కూడా ఆ పేరు పక్కింటావిడ చేతే చెప్పించింది.

తెగిన చెప్పు అక్కడే వదిలేసి ఒంటికాలి చెప్పుతో సందులన్నీ తిరిగింది. చివరికి రేవు గట్టు అంచున కనిపించారు, నీళ్ల వైపు చెయ్యి చాచి ఎవరికో పాఠం చెబుతున్నట్టు. ఇంకో అడుగు వేస్తే సముద్రమే.

"ఏవండీ!" ఆయన తిరగలేదు.

"ఏవండీ, మిమ్మల్నేనండీ!" అయినా తిరగలేదు.

"వెంకటసుబ్బారావు గారూ!"

గారు కూడా తగిలించింది, పిచ్చితల్లి.

ఆయన చటుక్కున తిరిగారు. ముఖం వెలిగిపోతోంది. బుజ్జమ్మను ఎంతో మర్యాదగా చూశారు.

"చెప్పండమ్మా. మీ అబ్బాయి ఏ క్లాసండీ?"

బుజ్జమ్మ గబగబా దగ్గరకు వెళ్లింది. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని గట్టు మీద నుంచి ఇవతలకు తీసుకొచ్చింది.

"ఎనిమిదో క్లాసండీ" అంది.