పిలిచినవాడి పేరు

తప్పు నాదే. ఆ ముక్క ముందే ఒప్పేసుకుంటే మా ఆఫీసులో ప్రోగ్రాంలు రాసే ఇవొనేచి గారి గురించి నిదానంగా చెప్పుకోవచ్చు. జనవరి వానలకి ముందు ఆవిడ సెలవులో ఉండగా, ఆవిడ రాసిన ప్రోగ్రాంని అడక్కుండా దిద్దాను. రెండేసి లైన్లుగా ఉన్నవన్నీ ఒక్కో లైనుకి కుదించాను. పైన 'వీటిని కలపకండి' అని ఆవిడ రాసుకున్న మాటని కూడా, పెద్దావిడ చాదస్తమని చెరిపేశాను.

ఇవొనేచి గారి ఇల్లు బ్రెజిల్లో, రియో నగరం పక్కన పల్లంలో ఉంది. సముద్రం పోటు మీదుంటే అక్కడి కాలవ వెనక్కి తంతుంది. అందుకే కాలవ నోటి దగ్గర ఇనుప తలుపు పెట్టారు. పోటు వస్తే అది మూసుకోవాలి, వాన పడితే తెరిచి ఉండాలి. ఆ తలుపుని నడిపేది ఆవిడ ప్రోగ్రామే. రాసింది లువాలో, మా రియోలోనే పుట్టిన కంప్యూటర్ భాషలో. ఆవిడ హాల్లో గోడ మీద పాత వరద గీత ఇప్పటికీ ఉంది. సున్నం వేయిస్తానని వాళ్ళాయన ఏటా అంటాడు. ఈవిడ వెయ్యనివ్వదు.

మా ఆఫీసులో అందరికీ వెక్కిరింపు పేర్లే. సగం నేను పెట్టినవే. కాలవ తలుపు దగ్గర కాపలా ఉండే అదెమార్‌ని అందరూ 'కప్ప' అంటారు. ఇవొనేచి గారు మాత్రం ఎవరినైనా వాళ్ళమ్మ పెట్టిన పేరుతోనే పిలుస్తారు. ఆవిణ్ణి మేం 'దోనా' అంటాం, అమ్మగారూ అన్నట్టు.

లువాలో ఫంక్షన్‌కి, అంటే ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్కకి, సొంత పేరంటూ ఉండదు. ఎవడు ఏ పేరుతో పిలిస్తే ఆ పూటకి అదే పేరు. అందుకని ఆవిడ ఒక ఏర్పాటు చేసింది. తలుపు మూసే ఫంక్షన్, మూసేముందు, 'నన్ను పిలిచిందెవరు' అని నడుస్తున్న ప్రోగ్రాంనే అడిగి, ఆ పేరు రాసిపెడుతుంది. 'పోటు' అని ఉంటే సముద్రాన్ని కొలిచే మీటరు పిలిచినట్టు. 'చెయ్యి' అని ఉంటే మనిషి బటన్ నొక్కినట్టు.

నేను చేసిన ఘనకార్యం, పిలిచే మాట ముందు 'రిటర్న్' తగిలించడం. అలా రాస్తే లువా పిలిచినవాణ్ణి అక్కడికక్కడే లేపేసి, వాడి కుర్చీలో వచ్చినవాణ్ణి కూర్చోబెడుతుంది. చోటు కలిసొస్తుంది. కానీ ఎవరు పిలిచారని అడిగితే చెప్పేందుకు అక్కడెవరూ మిగలరు.

ఒక మధ్యాహ్నం వాన దంచుతుండగా తలుపు మూసుకుపోయింది. కాలవ వీధుల్లోకి పొర్లింది. ఇళ్ళల్లో పరుపులు తేలాయి. పిలిచినవాడి పేరు ఉండాల్సిన చోట చూస్తే ఖాళీ.

"యంత్రమైతే పేరు పడేది. పడలేదంటే మనిషే," అని తేల్చేశాడు మా మేనేజరు అరోల్డు. మనిషైనా 'చెయ్యి' అని పడాలి కదా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ పూట కాపలా ఉన్నది అదెమారే. ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు.

అదెమార్ టోపీ నలుపుకుంటూ ఇవొనేచి గారి దగ్గరికి వచ్చాడు.

"నేను ముట్టుకోలేదు దోనా. కిటికీ అద్దం తుడుస్తున్నా, అంతే. మా వీధి కూడా మునిగింది. నా కొంప నేనే ముంచుకుంటానా?"

"కూర్చోండి అదెమార్ గారూ. కాఫీ తాగారా?"

"మీ కాఫీ వద్దులెండి. పాకంలా ఉంటుంది."

ఆవిడ ప్రోగ్రాం తెరిచి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"దీన్ని ఎవరు దిద్దారు?"

"నేనే దోనా," అన్నాను. "నీటుగా ఉంటుందని."

"నీటుగానే ఉంది. శవానికి స్నానం చేయించినట్టు."

తర్వాత, కలిపిన ప్రతి లైనునీ నా చేతే విడదీయించింది. తలుపు మూసుకుపోయిన రోజు మీటరు పంపిన కొలతలన్నీ దాచి ఉన్నాయి. వాటిని ప్రోగ్రాం నకలులోకి మళ్ళీ ఒకటొకటిగా పంపింది. పక్కన అరోల్డు నిలబడ్డాడు. అదెమార్ గోడకానుకుని, పెదాలు కదుపుతూ ఏదో జపించుకుంటున్నాడు. బటన్ మీద ఎవరి చెయ్యీ లేదు. ఉన్నట్టుండి తెర మీద 'తలుపు మూత' అని పడింది. పక్కనే పేరు: పోటు.

రాని పోటుని మీటరు వచ్చిందని చెప్పింది. మర్నాడు మనిషిని దింపి చూస్తే, దానికి ప్లాస్టిక్ సంచీ చుట్టుకుని ఉంది.

"సరే, కప్పని రేపట్నుంచి రమ్మనండి," అన్నాడు అరోల్డు, తెర మీద పేరు పడ్డ ఆ పూటే.

"ఆయన పేరు అదెమార్. ఎదురుగానే ఉన్నారు, మీరే చెప్పండి."

అరోల్డు గొంతు సవరించుకుని చెప్పాడు. అదెమార్ తలూపి, నలిగిన టోపీని సాపు చేసి పెట్టుకున్నాడు.

ఇవొనేచి గారు జరిగిందంతా పైవాళ్ళకి రాయడానికి కూర్చుంది. మీటరు సంగతి రాసింది. పేరు ఎందుకు పడలేదో కూడా మొదలుపెట్టింది. నేను వెనక చేరి గొణిగాను:

"దోనా, అంతా సరిచేసేశాం కదా. అక్కడ నా పేరు రాయకపోతే ఏం పోయింది? ఖాళీగా వదిలేద్దురూ."

ఆవిడ చెయ్యి ఆగలేదు.

"మొన్న ఖాళీగా ఉంటే అందులో అదెమార్ గారిని కూర్చోబెట్టారు అబ్బాయ్. ఈసారి ఎవర్ని కూర్చోబెట్టమంటావు, మీ అమ్మనా?"