మందిరం ముందు పరిచిన టైల్స్

మా మందిరం ఆటోనగర్ వెనక సందులో ఉంది. వాన పడితే ఆవరణంతా బురదే. ఆరాధనకు తెల్లచీరల్లో వచ్చిన అక్కలు కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నడిచేవారు. సంఘ పెద్దగా నేనే పట్టుబట్టి నిరుడు చలికాలంలో సిమెంటు టైల్స్ వేయించాను. గ్యారేజీల్లో పనిచేసే సోదరులు సాయంత్రాలు వచ్చి, పాటలు పాడుకుంటూ వాటిని పరిచారు. బండ్లకు చోటు చాలదని వేపచెట్టు కొట్టించిందీ నేనే. మెట్ల దగ్గరుండే చెప్పుల స్టాండును గేటు పక్కకు మార్పించి, పరిశుద్ధ స్థలం గేటు దగ్గరే మొదలవుతుందని ప్రకటించాను.

ఏప్రిల్ వచ్చింది. అప్పటికే సందులో ఎవరి వాకిట్లోనూ మట్టి మిగల్లేదు. అంతా సిమెంటే. పొద్దుగూకాక కూడా అరుగు మీద కూర్చుంటే ఒళ్లు కాలేది. మా ఆరాధన ముగిసేది మిట్టమధ్యాహ్నం. తలుపు నుంచి గేటు దాకా నలభై అడుగులు. ఎండ పైనుంచే కాదు, కిందనుంచీ కొట్టేది. జనం కాలుగాలిన పిల్లుల్లా గెంతుతూ చెప్పుల కోసం పరుగెత్తేవారు.

చల్లపల్లి నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దావిడ ఒకరు నన్ను మెట్ల మీద ఆపారు.

"పెద్దయ్యగారూ, నరకం గురించి పాస్టరుగారు లోపల చెప్తానే ఉన్నారు. మళ్లీ మీరు బయట చూపించడం ఎందుకండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"గోనెపట్టాలన్నా పరిపించండి బాబూ, ముసలికాళ్లు."

"ఓర్చుకోవాలమ్మా. నలభై అడుగులేగా," అన్నాను.

నా భార్యకు పన్నెండేళ్లుగా షుగర్. అంత ఎండలో ఆమె ఒక్కతే నింపాదిగా నడిచేది. టైల్స్ మధ్యలో నిలబడి, వెళ్లేవాళ్లకు పేరుపేరునా వందనాలు చెప్పేది. ఒక ఆదివారం సాక్ష్యాల వేళ లేచి, సంఘానికి ఆమెనే చూపించాను.

"మా ఇంటావిడని చెప్పడం కాదు గానీ, ఆవిడ నడక చూడండి. విశ్వాసం అంటే అదీ."

ఆమె తల వంచుకుంది. స్కూటరు మీద ఇంటికి వెళ్తుంటే నా వెనకనుంచి అంది.

"నాకు నిజంగానే ఏం కాలట్లేదండి. అందులో నా గొప్పేముంది?"

అది వినయం అనుకున్నాను.

మే నెలలో ఒక ఆదివారం ఇంటికొచ్చాక, ఆమె ఇంట్లో చెప్పులు తొడుక్కోకముందే, వంటింటి గచ్చు మీద తడి అడుగులు కనిపించాయి.

"కాళ్లు కడుక్కుని తుడుచుకోకుండా వచ్చారా?" అని ఆమె నన్నే కసిరింది.

నా కాళ్లు పొడిగా ఉన్నాయి. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పాదం పైకెత్తాను. బొబ్బలు చిట్లి, అరికాలి తోలు నా వేళ్లకు ఊడి వచ్చింది. ఆమె మాత్రం, అన్నం చల్లారిపోతోంది, లేవనివ్వండి అంటోంది.

"నరాలు చచ్చిపోయాయండి. కింద నిప్పులున్నా ఆవిడకు తెలీదు," అన్నాడు డాక్టరు. "చెప్పుల్లేకుండా నడవొద్దని ఎవరూ చెప్పలేదా?"

చెప్పారు. నాలుగేళ్ల కిందటే చెప్పారు. ఇంట్లో కూడా ఆమె చెప్పులతోనే తిరిగేది. మందిరంలో మాత్రం ఆ మాట వర్తిస్తుందని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

కుడి పాదం చీము పట్టింది. పదిరోజులకు రెండు వేళ్లు నల్లబడ్డాయి. పాదంలో రక్తం ఆడుతూ, కాస్తయినా స్పర్శ ఉంటే వేళ్లతో సరిపెడతామన్నారు. లేకపోతే చీలమండ పైనుంచి తీసేయాలన్నారు. రక్తం సంగతి అనుమానమేనట. ఆ రాత్రి వార్డు బయట మోకరించాను. చిన్నప్పటి సండే స్కూలు నుంచి కంఠస్థం చేసిన వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. నీ చిత్తం జరగనీ అని ఎందరి మంచాల పక్కనో ప్రార్థించిన వాణ్ని. ఆ మాట అనలేకపోయాను. ఆ కాలు ఉంచు ప్రభువా, నాదే తప్పు, ఆ కాలు ఉంచు అని మాత్రమే అడిగాను. మళ్లీ మళ్లీ అదే అడిగాను.

ఉదయం డాక్టరు సన్నటి తీగతో వచ్చాడు.

"కళ్లు మూసుకోండమ్మా. తగిలినప్పుడు చెప్పండి."

ఆమె కళ్లు మూసుకుని నా చేయి పట్టుకుంది. తీగ వేలికి తగిలింది. అరికాలి మధ్యలో తగిలింది. మడమ మీద వంగేదాకా నొక్కాడు. ఆమె ఇంకా తగలనట్టే ముఖం పెట్టి ఎదురుచూస్తోంది. డాక్టరు తీగ జేబులో పెట్టుకుని కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

"ఆఁ, ఇప్పుడు తెలుస్తోందండి," అంది నా భార్య, నా చేయి గట్టిగా నొక్కి. "బాగా తెలుస్తోంది."