ఐసులో లైనర్, పొయ్యి మీద బ్లాకు

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులూ ఉంటాయి, మన్నించండి. కాగితం మీద రాసిస్తే మనవరాలు ఫొటో తీసి ఈ గ్రూపులో పెడుతోంది.

నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి వర్క్‌షాపు ఫిట్టర్‌గా రిటైరయ్యాను. పోయిన వారం పెద్దపల్లి నుంచి ఒకాయన తన స్పోర్ట్స్ కారు ఇంజన్ బ్లాకు తెచ్చాడు. ఒక సిలిండర్ లోపలంతా గీసుకుపోయింది. దాన్ని బోరింగ్ మిషన్ మీద తొలిపించి, లోపల బిగుతుగా కూర్చునే ఇనుప గొట్టం, అదే కొత్త లైనర్, కొలతకు తయారు చేయించాను. ఈ రోజు దాన్ని సిలిండర్‌లోకి దింపే పని. సగంలో ఇరుక్కుంటే బ్లాకు ఇక పనికిరాదు.

బాయి దగ్గర చేసినట్టే లైనర్‌ను చేపల అంగడి ఐసులో పెట్టి, బ్లాకును బొగ్గుపొయ్యి మీద కాచాను.

"కాకా, ఇంజన్‌ను కూర లెక్క వండుతున్నవేంది?" అన్నాడాయన భయంగా.

"సల్లగైతే లైనర్ ముడుసుకుంటది, కాగితే బ్లాకు విచ్చుకుంటది. జర పక్కకు జరుగు బిడ్డా."

బ్లాకు మీద నీటిచుక్క వేస్తే గంతులేసింది. కాక సరిపోయిందని ఐసులోంచి లైనర్ తీసి వదిలాను. నొక్కే పనే లేకుండా అడుగుదాకా జారి కూర్చుంది.

"హైదరాబాద్‌ల ఇది పారేసి కొత్తది తెప్పియ్యాలె అన్నరు కాకా!"

"ఆళ్ల ఇండ్లల్ల బొగ్గుపొయ్యి లేకపాయె" అన్నాను.

నా నోట అంత మాట ఎట్లా వచ్చిందో! సాయంత్రం నుంచి మా ఆమెకు మూడుసార్లు చెప్పాను. మీలో ఎవరైనా ఇట్లా లైనర్ దింపి ఉంటే జల్ది జవాబు రాయండి. ఆమె ఇక వినేటట్టు లేదు.